తల అరిగిన స్క్రూ, విరిగిన బోల్టు: పాత బండి ఇంజన్‌ను పాడుచేయకుండా విప్పడం

మా బాపు యమహా ఆర్‌ఎక్స్ 100 బండి 1993 మోడల్. నకిరేకల్ దగ్గర మా ఊళ్ళో గొడ్ల కొట్టం వసారాలో తొమ్మిదేళ్ళు కదలకుండా ఉంది. దాన్ని మళ్ళీ నడిపించాలని కూర్చున్న రోజు క్లచ్ కవర్‌కు ఉన్న మూడు స్క్రూలు తిరగలేదు. ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో బలమంతా పెట్టి తిప్పాను. డ్రైవర్ జారింది, స్క్రూ తలలో ఉన్న ప్లస్ గాడి గుండ్రంగా అయిపోయింది. పక్కింటి పెద్దాయన చూసి, "బలంతోని వచ్చేటిది కాదు బిడ్డా అది, జర ఆగు" అన్నాడు. ఎన్నో ఏండ్లు బోరు మోటార్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసిన మనిషి. ఆ మూడు స్క్రూలనూ ఆయన నా చేతనే తీయించాడు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి.

ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే పెద్ద విషయం ఇది: మనం చేసే ఏ పనైనా, అది ఫలించకపోతే తర్వాత చేసే పనికి చోటు మిగల్చాలి. తల పూర్తిగా అరగదీస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రంధ్రం వంకరగా వేస్తే మర (స్క్రూ తిరుగుతూ దిగే చుట్టు గాడి) బాగుచేయడానికి ఉండదు. కింద చెప్పే వరుస అందుకే మెత్తటి పనితో మొదలై గట్టి పని వైపు పోతుంది. మధ్యలో ఒక మెట్టు వదిలేసి దూకితే వెనక్కి రావడం కష్టం.

ఎందుకు పట్టేస్తుంది

ఇంజన్ చాంబర్ (క్లచ్, గేర్లు ఉండే పెట్టె), కవర్లు అల్యూమినియం. స్క్రూలు ఉక్కు. ఈ రెండూ ఒకదానికొకటి ఆనుకుని తడిలో ఉంటే అల్యూమినియం మెల్లగా తినబడి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. మరల మధ్య ఉండే సందే వెంట్రుకంత. అది నిండిపోయి స్క్రూను నలువైపులా బిగబడుతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల్లో తిరిగిన బండ్లకు, ఎరువు బస్తాలు మోసిన బండ్లకు ఈ బాధ ఎక్కువ. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడ్, మనం తినే ఉప్పుకు చుట్టమే. బస్తా చిల్లు నుంచి రాలిన పొడి కవర్ అంచుల్లో చేరి, మీద వాన చినుకు పడితే చాలు, అల్యూమినియంను తినడం మొదలుపెడుతుంది. మా బాపు బండికి కవర్ కింది అంచు స్క్రూలే పట్టేశాయి, పైవి సులువుగా వచ్చాయి. మీ బండికీ ముందు కింది స్క్రూల చుట్టూ తెల్ల పొడి ఉందేమో చూడండి. ఉంటే ఆ స్క్రూ జోలికి తొందరపడి పోవద్దు.

స్క్రూను శుభ్రం చేయడం, సరైన బిట్ వెతకడం

బండికి మెయిన్ స్టాండ్ వేసి, చాంబర్ ఆయిల్ దింపేయండి. ఇంజన్ ఫ్రేములోనే ఉండనివ్వండి. స్క్రూలన్నీ వచ్చాకే ఇంజన్ దింపాలి. ఫ్రేములో ఉన్నప్పుడు అది కదలకుండా నిలబడుతుంది, దెబ్బ వేస్తే బలం వృథా కాదు.

స్క్రూ తల గాడిలో ఏళ్ళ తరబడి గట్టిపడిన మట్టి, నూనె జిగురు ఉంటుంది. గోనెసంచి కుట్టే దబ్బనంతో దాన్ని అడుగుదాకా గీకి తీయాలి. తర్వాత డీజిల్‌లో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడవాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, గాడి అడుగున బియ్యపు గింజలో సగమంత మట్టి ఉన్నా బిట్ (గాడిలో పెట్టే డ్రైవర్ మొన) పూర్తిగా కూర్చోదు. సరిగ్గా కూర్చోకపోతే జారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. జపాన్ డిజైన్ బండ్లు, అంటే పాత యమహా, హీరో హోండా, సుజుకీ లాంటివి, వాడే ప్లస్ స్క్రూలు మన ఇళ్ళలో ఉండే ఫిలిప్స్ స్క్రూల్లాంటివి కావు. అవి జేఐఎస్ రకం, అంటే జపాన్ కొలతల ప్రమాణానికి చేసినవి. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ గాడి ఆకారంలో తేడా ఉంది. చాలా స్క్రూల తల మీద చిన్న చుక్క గుంట ఉంటుంది, అదే వాటి గుర్తు. ఫిలిప్స్ డ్రైవర్ మొన ఈ గాడి అడుగుకు ముందే తగులుతుంది, రెక్కలు మాత్రం గాడి గోడలకు సరిగ్గా ఆనవు. తిప్పగానే పైకి ఎగిరి గాడిని చెక్కేస్తుంది.

నంబరు కూడా ముఖ్యం. ఇళ్ళలో ఉండే డ్రైవర్ సాధారణంగా 2 నంబరు. కవర్లకు ఉండే 6 ఎం.ఎం. స్క్రూకు 3 నంబరు కావాలి. నా చేతిలో మొదటి స్క్రూ పాడైంది ఈ ఒక్క కారణంతోనే. సికింద్రాబాద్ రాణిగంజ్ పనిముట్ల దుకాణాల్లో జేఐఎస్ 3 నంబరు బిట్ కోసం అడగండి. దొరకకపోతే మామూలు 3 నంబరు బిట్ మొనను గ్రైండింగ్ రాయి మీద అర మిల్లీమీటరు అరగదీయండి, చాలా మటుకు సరిపోతుంది.

గాడి కొంచెం అరిగి ఉంటే బిట్ మొనకు వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కాస్త పూయండి. అందులోని గరుకు పొడి రెండు లోహాల మధ్య ఇరుక్కుని జారకుండా ఆపుతుంది. ఆటోమొబైల్ షాపుల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది.

నానబెట్టడం

డబ్ల్యూడీ-40 గానీ, తుప్పు వదిలించే వేరే స్ప్రే గానీ తల చుట్టూ కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు పొద్దున, సాయంత్రం మళ్ళీ కొట్టండి. స్ప్రే లేకపోతే డీజిల్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి చుక్కలు చుక్కలుగా వేయండి. ప్రతిసారీ స్క్రూ తల మీద చిన్న సుత్తితో నాలుగైదు దెబ్బలు మెల్లగా వేస్తే ఆ కుదుపుకు నూనె లోపలికి దిగుతుంది. రెండు రోజులు ఓపిక పడితే తర్వాత పని సగం తగ్గుతుంది.

ఇంపాక్ట్ డ్రైవర్

పాత బండి పని చేసే ప్రతి ఇంట్లో ఇది ఉండాలని నా గట్టి అభిప్రాయం. లావుపాటి ఇనుప గొట్టంలా ఉంటుంది, వెనక నుంచి సుత్తితో కొడతాం. కొట్టిన బలంలో కొంత బిట్‌ను గాడిలోకి అదుముతుంది, కొంత దాన్ని కొన్ని డిగ్రీలు తిప్పుతుంది. చేత్తో తిప్పేటప్పుడు బిట్ జారేది అది పైకి లేవడం వల్ల. ఇక్కడ తిరిగే క్షణంలోనే అది లోపలికి నొక్కుకుని ఉంటుంది కాబట్టి లేవదు.

వాడే తీరు ఇలా. గొట్టాన్ని విప్పే వైపుకు, అంటే ఎడమకు, సెట్ చేయండి. బిట్‌ను గాడిలో నిటారుగా పెట్టి, చేత్తో ఎడమకు గట్టిగా తిప్పి ఆ బిగువు వదలకుండా పట్టుకోండి. కిలో సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి. పది చిన్న దెబ్బల కంటే నిటారుగా పడిన ఒక్క మంచి దెబ్బ మేలు. నాలుగైదు దెబ్బలకూ కదలకపోతే ఆపేయండి. ఇంకా కొడితే గాడి అరుగుతుంది, మిగతా దారులు మూసుకుపోతాయి.

సరైన 3 నంబరు బిట్, పేస్ట్, ఇంపాక్ట్ డ్రైవర్ కలిసి మా బండి మొదటి స్క్రూను రెండో దెబ్బకు కదిలించాయి. అంతకుముందు అరగంట నేను కుస్తీ పట్టింది దానితోనే.

దెబ్బ వేసేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. సుత్తి అంచు నుంచి చిన్న ఉక్కు ముక్క ఎగిరితే కన్ను పోతుంది.

తల గుండ్రమైన బోల్టు, అలెన్ స్క్రూ

హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ కవర్లకు ప్లస్ స్క్రూలకు బదులు 8 ఎం.ఎం. తల బోల్టులు ఎక్కువ. వీటి మూలలు అరిగేది పన్నెండు మూలల రింగ్ పానాతో, లేదా వదులైన డబుల్ ఎండ్ పానాతో విప్పినప్పుడు. పాత బోల్టుకు ఎప్పుడూ ఆరు మూలల సాకెట్టే వాడండి. అది మూలల మీద గాక పక్కల మీద బలం పెడుతుంది.

ఇప్పటికే అరిగిపోయిందా? ట్రాక్టర్ మెకానిక్‌ల దగ్గర ఇంచీల సాకెట్లు ఉంటాయి. 10 ఎం.ఎం. తల అరిగితే 3/8 ఇంచ్ సాకెట్ అంటే సుమారు 9.5 ఎం.ఎం., దాన్ని సుత్తితో తల మీదకు దించండి. 13 ఎం.ఎం. తలకు అర ఇంచ్ సాకెట్, అది 12.7. కొత్త మూలలు చెక్కుకుంటూ గట్టిగా కూర్చుంటుంది. తలలో ఆరు మూలల గుంట ఉండే అలెన్ స్క్రూకు 5 ఎం.ఎం. గాడి అరిగితే, నక్షత్రం ఆకారం మొన ఉండే టీ30 టార్క్స్ బిట్‌ను దాంట్లోకి దిగగొట్టి తిప్పండి. ఈ రెండు పనులకూ సాకెట్, బిట్ కొంచెం పాడవుతాయి కాబట్టి మంచి సెట్‌లోవి వాడకండి.

ఒక హెచ్చరిక. అన్నీ ఎడమకు తిప్పితే వదులు కావు. యమహా కుడి వైపు అద్దం ఎడమ మర, అంటే కుడికి తిప్పితేనే వదులవుతుంది. ఇంజన్ లోపల కూడా అలాంటివి కొన్ని మోడళ్ళలో ఉంటాయి. తిరగని నట్టు మీద బలం పెట్టే ముందు ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌ను ఒక్కసారి అడగండి.

వేడి

అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. అందుకే స్క్రూను కాకుండా దాని చుట్టూ ఉన్న కవర్‌ను వేడి చేస్తే రంధ్రం కొంచెం పెద్దదవుతుంది, స్క్రూ పట్టు తగ్గుతుంది. పెద్దాయన ఈ పనికి ముందు నా చేత పెట్రోల్ ట్యాంకు దింపించాడు, కార్బురేటర్ విప్పించాడు, బండిని ఇంటికి దూరంగా వేప చెట్టు కిందికి నెట్టించాడు. మీరూ అంతే చేయండి. ముందు రోజు కొట్టిన స్ప్రే, డీజిల్ పూర్తిగా తుడవండి. పక్కన బకెట్ ఇసుక పెట్టుకోండి.

హీట్ గన్ ఉంటే అది మేలు. చిన్న గ్యాస్ టార్చ్ అయితే మంటను ఒకేచోట ఆపకుండా చుట్టూ తిప్పుతూ ఉండండి. ఎంత వేడి చాలు అనేదానికి నీటి చుక్క పరీక్ష ఉంది. తడి వేలు విదిలిస్తే పడిన చుక్క వెంటనే చుయ్యిమని ఆవిరైతే నూరు డిగ్రీలు దాటినట్టే. అక్కడితో ఆపండి. అంతకు మించితే కిక్ షాఫ్ట్, గేర్ షాఫ్ట్ దగ్గరి రబ్బరు ఆయిల్ సీళ్ళు చెడతాయి. ఉక్కు వేడెక్కితే ఎర్రబడి మనల్ని హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారదు. స్వచ్ఛమైనది 660 డిగ్రీల దగ్గర, కవర్లకు వాడే మిశ్రమ లోహం ఇంకా ముందే ఒక్కసారిగా జారిపోతుంది. కంటితో చూసి అంచనా వేయడం దీని విషయంలో కుదరదు.

కవర్ వేడిగా ఉండగానే కొవ్వొత్తిని స్క్రూ తల అంచుకు తాకించండి. కరిగిన మైనం మరల్లోకి పాకుతుంది. వెంటనే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టండి. టార్చ్ అంటే భయమైతే మరిగే నీళ్ళు పోసినా కొంత ఫలితం ఉంటుంది.

ఉలితో

మా రెండో స్క్రూ వేడికి కూడా రాలేదు. దాని గాడి నేనే గుండ్రం చేశాను కాబట్టి బిట్‌కు పట్టు లేదు. పెద్దాయన ఇనుము కోసే చిన్న ఉలి తెచ్చాడు. మన దగ్గర మెకానిక్‌లు ఛేనీ అంటారు. తల అంచు మీద ఉలి నిటారుగా పెట్టి ముందు ఒక గాటు చేయించాడు. తర్వాత ఉలిని పక్కకు వాల్చి, ఆ గాటులో ఆనించి, స్క్రూ ఎడమకు తిరిగేలా కొట్టించాడు. ఉలి జారితే కవర్ మీద గీత పడుతుంది కాబట్టి పక్కన పాత ట్యూబు ముక్క అడ్డం పెట్టాం. ఏడెనిమిది దెబ్బలకు చిటుక్కుమని కదిలింది. ఆ చప్పుడు వినగానే ఆపి, కొంచెం నూనె వేసి, మిగతాది గ్రిప్ ప్లయర్‌తో తిప్పాలి. తల ఉబ్బెత్తుగా ఉన్న స్క్రూలకే ఇది పనికొస్తుంది. కవర్‌లోకి దిగిపోయి ఉండే చదును తల స్క్రూకు ఉలి వాడితే కవరే పగులుతుంది.

తల డ్రిల్ చేసి తీసేయడం

మూడోది దేనికీ లొంగలేదు. నాకు అప్పటిదాకా తల పోతే అంతా పోయినట్టే అనే భయం ఉండేది. నిజానికి తల తీసేయడం చాలాసార్లు సులువైన దారి. స్క్రూ బిగువంతా తల కవర్‌ను నొక్కి పట్టుకోవడంలో ఉంటుంది. తల పోయిందంటే ఆ బిగువు పోతుంది, కవర్ ఊడి వస్తుంది, కవర్ మందమంత స్క్రూ కాడ బయటికి పొడుచుకుని మిగులుతుంది.

తల నడి మధ్యలో సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టండి. 3 ఎం.ఎం. బిట్‌తో తల మందం వరకు రంధ్రం వేయండి, తర్వాత 6 లేదా 6.5 ఎం.ఎం. బిట్ పెట్టండి. డ్రిల్ మిషన్ నెమ్మదిగా తిరగాలి, చుక్క చుక్క నూనె వేస్తుండాలి. తల ఊడి బిట్‌కు చుట్టుకుని వస్తుంది, అక్కడ ఆపండి. కవర్ తీశాక మిగిలిన కాడ మొదట్లో మళ్ళీ నూనె వేసి నానబెట్టి, ఆ నూనె తుడిచేశాక చాంబర్‌ను కొంచెం వేడి చేసి, గ్రిప్ ప్లయర్‌తో పట్టి ముందుకు పావు, వెనక్కి పావు తిప్పుతూ తీయండి. ఒకే వైపు లాగితే విరుగుతుంది. మా మూడో స్క్రూ ఇలా వచ్చింది. ప్లయర్ పెట్టాక పెద్ద బలం కూడా పట్టలేదు.

చాంబర్ లోపలే విరిగిపోతే

సైలెన్సర్ స్టడ్‌లు (తల లేని బోల్టులు) ఎక్కువగా ఇలాగే విరుగుతాయి. కొంచెమైనా బయటికి కనిపిస్తుంటే నా మొదటి ఓటు వెల్డింగ్‌కే. విరిగిన కాడ మీద నట్టు పెట్టి, నట్టు లోపల నుంచి వెల్డింగ్ చుక్క వేయిస్తే రెండూ ఒకటవుతాయి. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియంకు అతుక్కోదు, ఆ వేడికి పట్టు కూడా వదులుతుంది. వెల్డింగ్ షాపుకు వెళ్ళే ముందు బ్యాటరీ, సీడీఐ (ప్లగ్గుకు స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంటే అదీ విప్పేయండి. ఎర్త్ క్లిప్ విరిగిన స్టడ్‌కు దగ్గరలోనే తగిలించమనండి, లేకపోతే కరెంటు బేరింగుల మీదుగా పోయి వాటిని పాడుచేస్తుంది. ఎర్రదనం తగ్గాక, వేడి ఉండగానే పానా పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించండి.

పూర్తిగా లోపలే ఉంటే డ్రిల్ ఒక్కటే దారి, ఇక్కడ నడిమధ్య గుర్తుకు ప్రాణం పెట్టాలి. విరిగిన ముఖాన్ని చదును చేసి, సెంటర్ పంచ్ గుర్తును నాలుగు వైపుల నుంచీ చూసి, సరిగ్గా మధ్యలో ఉందని నమ్మకం కలిగాకే డ్రిల్ పెట్టండి. ఎడమకు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే ఇంకా మంచిది, చాలాసార్లు కోస్తుండగానే ముక్క దానికి పట్టుకుని బయటికి వస్తుంది. రాకపోతే 6 ఎం.ఎం. స్క్రూకు 2.5, 3.5, 4.5 అలా పెంచుతూ 5 ఎం.ఎం. దాకా వెళ్ళండి. అప్పటికి పాత మర పల్చటి తీగ చుట్టలా మిగులుతుంది, దబ్బనంతో లాగేయవచ్చు.

ఈజీ అవుట్ అని ఒక పనిముట్టు అమ్ముతారు. డ్రిల్ చేసిన రంధ్రంలో దిగగొట్టి ఎడమకు తిప్పేది. 6 ఎం.ఎం., అంతకంటే చిన్న స్క్రూలకు దాన్ని వాడవద్దనే చెబుతాను. అది మొనదేరి ఉంటుంది కాబట్టి లోపలికి దిగేకొద్దీ స్క్రూను వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది. పైగా చాలా గట్టి ఉక్కు, వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు.

అలా విరిగిపోతే కూడా ఒక దారి ఉంది, అది మన ఇంటి గుమ్మానికి కట్టే పటిక. గడియారాలు బాగుచేసేవాళ్ళు ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు ముక్కలను దీనితోనే కరిగిస్తారు. పటిక నీళ్ళు ఉక్కును తింటాయి, అల్యూమినియంను దాదాపు ముట్టవు. ఆ చాంబర్ ముక్కను ఇంజన్ నుంచి పూర్తిగా విడదీసి, బేరింగులు, సీళ్ళు, పిన్నులు, ఇంకా ఉక్కు ఏది ఉన్నా తీసేయాలి. పాత అల్యూమినియం గిన్నెలో వేడి నీళ్ళు పోసి పటిక ఇక కరగనంత వరకు కలిపి, చాంబర్‌ను విరిగిన చోటు మునిగేలా ఉంచండి. నీళ్ళు వేడిగా ఉంటే పని త్వరగా అవుతుంది. ముక్క నుంచి సన్నటి బుడగలు లేస్తుంటే కరుగుతున్నట్టు. పూటకోసారి నల్లటి మడ్డిని బ్రష్‌తో తీయండి, నీళ్ళు మార్చండి. ఆరుబయట పెట్టండి, పిల్లలకు అందనివ్వకండి. రోజులు పడుతుంది, పట్టనివ్వండి. అయిపోయాక మంచి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.

మర బాగుచేసి తిరిగి బిగించడం

రంధ్రంలో 6 ఎం.ఎం. ట్యాప్ (మర కోసే పనిముట్టు), 1.0 పిచ్‌ది, అంటే మర మర మధ్య 1 ఎం.ఎం. దూరం ఉండేది, నూనె వేసి చేత్తో దించండి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. మర పూర్తిగా పోయి ఉంటే హెలికాయిల్ వేయించండి. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, దానికోసమే వచ్చే ట్యాప్ కొట్టి, స్టీలు తీగ చుట్టను అందులో కూర్చోబెడతారు. స్క్రూ పాత సైజుదే పడుతుంది, మర మొదటి దానికంటే గట్టిది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్ళలో లేత్ షాపుల్లో అడిగి చూడండి. ఎపాక్సీ ముద్ద పెట్టి స్క్రూ దింపడం మాత్రం చేయకండి, ఇంజన్ వేడికి అది నిలవదు, తర్వాత బాగుచేసేవాడికి రంధ్రం శుభ్రం చేయడమే పెద్ద పని అవుతుంది.

కవర్ స్క్రూలు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. విప్పేటప్పుడే అట్టపెట్టె ముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచండి. పొట్టి రంధ్రంలో పొడుగు స్క్రూ పడితే అడుగుకు తగిలి మర ఊడగొడుతుంది. కొత్తవి కొంటే అలెన్ తలవి, 8.8 గ్రేడ్‌వి తీసుకోండి. అల్యూమినియంలో కనీసం 9 ఎం.ఎం. మర పట్టేంత పొడవు ఉండాలి.

బిగించే ముందు రంధ్రాల్లో మిగిలిన నూనె, చెత్త గాలి కొట్టి తీయండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిచి ఉంటే స్క్రూ దాన్ని నొక్కి చాంబర్‌నే పగలగొట్టగలదు. మరలకు కాపర్ గ్రీజు పల్చగా పూయండి, ఇది లోహాల మధ్యకు తడిని రానివ్వదు. కవర్ కింద కొత్త ప్యాకింగ్ (గాస్కెట్) వేసి, ముందు అన్ని స్క్రూలూ వేళ్ళతో దించి, తర్వాత ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి. 6 ఎం.ఎం. స్క్రూకు 10 న్యూటన్ మీటర్ల లోపే చాలు, కాపర్ గ్రీజు పూస్తే ఇంకొంచెం తక్కువే. బిగువు కొలిచే టార్క్ పానా లేకపోతే పొట్టి టీ హ్యాండిల్‌ను రెండు వేళ్ళతో పట్టి మణికట్టు బలంతో బిగించండి. మోచేయి, భుజం బలం వాడవద్దు. ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక మళ్ళీ ఒక్కొక్కటీ సరిచూడండి.

మా బండికి వేసిన అలెన్ స్క్రూల తలల గుంటల్లో ప్రతి వానాకాలం ముందు కాస్త గ్రీజు నింపుతాను, బురద చేరకుండా. రెండేళ్ళ తర్వాత క్లచ్ ప్లేట్లు మార్చడానికి అదే కవర్ విప్పితే అన్నీ టీ హ్యాండిల్‌కే వచ్చాయి.